మాఫియా ఆట గ్రూపు చల్లారిపోకుండా నడపడం ఎలా?

ఫోనులో మాఫియా ఆడే గ్రూపు మొదలుపెట్టడం తేలిక. నలుగురు స్నేహితులు, ఒక సెలవు రోజు, ఒక టెలిగ్రామ్ గ్రూపు ఉంటే చాలు. మొదటి ఆట హోరాహోరీగా సాగుతుంది. మూడో ఆటకు ఇద్దరి మధ్య మాటలు ఆగిపోతాయి. ఐదో ఆటకు పేర్లు ఇచ్చేవాళ్లే ఉండరు. ఆ తరువాత అందులో మిగిలేవి శుభోదయం బొమ్మలు, ఉద్యోగ ప్రకటనలు. కర్నూలులోనో అనంతపురంలోనో కడపలోనో కాలేజీ స్నేహితులతో ఇలాంటి గ్రూపు పెట్టినవాళ్లకు ఈ వరుస బాగా తెలిసే ఉంటుంది. అది అలా ముగియాల్సిన అవసరం లేదు. ఏళ్ల తరబడి నడిచే గ్రూపులకు, నెలలో మూగబోయే గ్రూపులకు మధ్య తేడా ఆటగాళ్ల తెలివిలో ఉండదు, నడిపే పద్ధతిలో ఉంటుంది.

ఈ ఆటను 1986లో మాస్కో స్టేట్ యూనివర్సిటీలో దిమిత్రీ దావిదోవ్ తయారుచేశాడు. 1997లో ఆండ్రూ ప్లాట్‌కిన్ దానికి తోడేలు మనుషుల కథ తొడిగాడు. 2018లో వచ్చిన అమాంగ్ అస్ అనే ఇదే తరహా వీడియో గేమ్ 2020 లాక్‌డౌన్ రోజుల్లో ఇంటింటికీ పాకింది. అన్నిటి వెనకా ఉన్న ఊహ ఒక్కటే: నిజం తెలిసిన కొద్దిమంది, ఏమీ తెలియని ఎక్కువమంది, వాళ్ల మధ్య మాటల యుద్ధం. ఆటను నడిపే హోస్ట్ అందరికీ రహస్యంగా పాత్రలు పంచుతాడు. రాత్రి మాఫియా ఒక పౌరుణ్ణి తీసేస్తుంది, పగలు అందరూ చర్చించి ఓటుతో ఒకరిని బయటికి పంపుతారు. పౌరుల్లో డాక్టర్ రాత్రికి ఒకరిని కాపాడతాడు, పోలీసు ఒకరి అసలు పాత్ర తెలుసుకుంటాడు. మాఫియా అంతా దొరికితే పౌరుల పక్షం, అంటే ఊరు, గెలుస్తుంది; రెండు పక్షాల సంఖ్య సమానమైతే మాఫియా గెలుస్తుంది. కాబట్టి ఎవరికి ఏది తెలుసు, ఎప్పుడు తెలిసింది అన్నదే ఇక్కడ ఆట మొత్తం.

అబద్ధం మీద నడిచే ఆట నిలవాలంటే, దాని పక్కనే అబద్ధం అడుగుపెట్టని చోటు ఒకటి ఉండాలి. హోస్ట్ చెప్పే మాట, ఓట్ల లెక్క, గడువు, ఆట బయటి మాటలు, ఇవన్నీ ఆ చోటికి చెందినవి. కింద చెప్పే ప్రతి పనీ ఆ గీతను కాపాడటానికే.

ముందు గదులు కట్టుకోండి

వాట్సాప్ అందరి ఫోనులోనూ ఉంటుంది కాబట్టి అక్కడే పెడదామనిపిస్తుంది. వద్దనే చెబుతాను. వాట్సాప్ గ్రూపులో చేరితే ఫోన్ నంబరు సభ్యులందరికీ కనిపిస్తుంది. ఆ ఒక్క కారణంతో ఆడపిల్లలు చేరరు, చేరినా మాట్లాడరు. టెలిగ్రామ్‌లోనైతే గోప్యత సెట్టింగుల్లో నంబరు ఎవరికీ కనిపించకుండా పెట్టుకోవచ్చు, మారుపేరుతో ఆడవచ్చు. డిస్కార్డ్‌లో నంబరు బయటపడే ప్రసక్తే లేదు, గదులు కూడా కావలసినన్ని కట్టుకోవచ్చు. కాకపోతే కొత్తవాళ్లకు అలవాటు కావడానికి కొంత సమయం పడుతుంది. పదిహేను, ఇరవై మందితో మొదలుపెడితే టెలిగ్రామ్ చాలు.

కనీసం నాలుగు గదులు, అంటే విడివిడి గ్రూపులు, కావాలి. ఆట జరిగే గది ఒకటి. పిచ్చాపాటీకి వేరే గది ఒకటి. మాఫియా వాళ్లు రాత్రి మాట్లాడుకునే రహస్య గది ఒకటి, అందులో హోస్ట్ కూడా ఉండాలి. ఆట నుంచి బయటికి వెళ్లినవాళ్లు కూర్చుని చూసే గది ఇంకొకటి. చివరి రెండు గదుల్లోనూ కొత్తగా చేరినవారికి పాత సందేశాలు కనిపించేలా సెట్టింగు మార్చడం మరచిపోవద్దు. మాఫియాలో ఒకరి బదులు మరొకరు దిగినప్పుడు, అంతకుముందు ఏం మాట్లాడుకున్నారో చదవలేకపోతే ఆ మనిషి గుడ్డిగా ఆడాల్సి వస్తుంది.

ఆట గదిలో ఆట తప్ప ఇంకేదీ ఉండకూడదు. పుట్టినరోజు శుభాకాంక్షలకు కూడా పక్క గదే. కఠినంగా అనిపించవచ్చు. కానీ రెండో రోజు సాయంత్రం బస్సులో కూర్చుని వెనక్కి వెళ్లి చదువుకునే ఆటగాడికి నూట యాభై సందేశాల్లో నూట పది క్రికెట్ గురించే అయితే, అతడు మర్నాడు చదవడం మానేస్తాడు.

నియమాలు తక్కువ రాయండి, కానీ రాసి పెట్టండి

నోటిమాట నియమాలు తగాదా రోజున పనికిరావు. గ్రూపు పైభాగాన పిన్ చేసిన ఒక్క సందేశంలో నియమాలన్నీ ఉండాలి, ఫోను తెర రెండుసార్లు జరిపితే అయిపోవాలి. ఓట్లు సమానమైతే ఏం జరుగుతుంది? డాక్టర్ తనను తాను కాపాడుకోవచ్చా? వరుసగా రెండు రాత్రులు ఒకరినే కాపాడవచ్చా? బయటికి వెళ్లినవారి పాత్ర వెంటనే వెల్లడవుతుందా? తగాదాలన్నీ పుట్టేది ఈ నాలుగు ప్రశ్నల దగ్గరే. జవాబు ఏదైనా ఫరవాలేదు, ఆట మొదలయ్యే ముందే ఉండాలి.

హోస్ట్ పంపిన పాత్ర సందేశాన్ని స్క్రీన్‌షాట్ తీసి చూపించడం, ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయడం నిషిద్ధం. ఆట గదిలో సందేశం దిద్దడం, తుడిచేయడం నిషిద్ధం. టెలిగ్రామ్‌లో దిద్దిన, తుడిచిన సందేశాలు అడ్మిన్లకు ఇటీవలి చర్యల జాబితాలో (రీసెంట్ యాక్షన్స్) 48 గంటలపాటు కనిపిస్తాయి. ఆ సంగతి అందరికీ ముందే చెప్పండి. సగం తుడిచివేతలు అక్కడే ఆగిపోతాయి.

ఇక మన దగ్గర తప్పనిసరిగా రాసుకోవాల్సిన నియమం ఒకటుంది: ఒట్లు పెట్టుకోకూడదు.

ఇది చిన్న విషయం కాదు. మనం చిన్నప్పటి నుంచి నిజం నిరూపించుకునేది ఒట్టుతోనే. ఎవరైనా గట్టిగా అనుమానిస్తే చాలు, ‘అమ్మ మీద ఒట్టు, నేను మాఫియా కాదు’ అనేస్తాం. సీమలో ఇంకో మెట్టు పైకి వెళ్లి ‘కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?’ అని సవాలు విసురుతాం. వరసిద్ధి వినాయకుడి ఎదుట అబద్ధం ఆడరాదన్న నమ్మకం బలమైనది, ఆ నమ్మకాన్ని ఆటలోకి లాగితే జరిగేది ఇది. ఒట్టు వేసినవాడు నిజంగా మాఫియా అయితే, ఆట అయ్యాక అతడి ముఖం చూసే తీరు మారిపోతుంది. ఒట్టు వేయనన్నవాడు పౌరుడైనా సరే, అందరూ అతడికే ఓటేస్తారు. దేవుడంటే భక్తి ఉన్నవాడికి మాఫియా పాత్ర వస్తే అతడు ఆడలేడు. మూడు దారుల్లోనూ ఆట చచ్చిపోతుంది, మూడోదాంట్లో ఒక మంచి ఆటగాడు కూడా దూరమవుతాడు. అందుకే ఒట్టు, ప్రమాణం, పందెం, ‘మన స్నేహం మీద ఆన’ లాంటివి ఒక్క మాట వచ్చినా హోస్ట్ వెంటనే కలగజేసుకుని ‘ఆ మాట లెక్కలోకి రాదు’ అని ప్రకటించాలి. రెండోసారి అదే మనిషి అలా చేస్తే ఆ ఆట నుంచి తప్పించాలి.

దీని పక్కనే ఇంకో అలవాటు ఉంది. మనవాళ్లు సీనియర్‌ను ‘అన్నా’ అన్నాక అతడి మీద ఓటు వేయడానికి చెయ్యి రాదు. ఫైనలియర్ అన్నలు ముగ్గురుంటే, వాళ్లు చివరి దాకా మిగిలిపోతారు, మొదటి సంవత్సరం పిల్లలు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటారు. ఆట గదిలో వరసలు లేకుండా చేయండి. అందరికీ మారుపేర్లు పెట్టండి, ఆ పేరుతోనే పిలవాలని చెప్పండి. పక్క గదిలో అన్న అన్నే, అక్క అక్కే.

ఎంతమంది, ఎన్ని పాత్రలు

కొత్త హోస్ట్ మొదట చేసే పని పాత్రలు పెంచడం. డాక్టర్, పోలీసు, జర్నలిస్టు, బాంబు, ప్రేమజంట, అన్నీ ఒకే ఆటలో గుప్పిస్తారు. అలా చేయకండి. మొదటి కొన్ని ఆటలు తొమ్మిది మందితో, ఇద్దరు మాఫియా, ఒక పోలీసు, ఒక డాక్టర్, మిగతా ఐదుగురూ మామూలు పౌరులుగా నడపండి.

తొమ్మిది ఎందుకో లెక్క వేసి చూడండి. పగటితో మొదలవుతుంది: పోలీసు, డాక్టర్‌తో కలిపి ఏడుగురు పౌరులు, ఇద్దరు మాఫియా. ఊరు పొరపాటున పౌరుణ్ణి పంపితే ఆరుగురు, ఆ రాత్రి మాఫియా ఇంకొకరిని తీస్తే ఐదుగురు. మళ్లీ తప్పు చేస్తే నలుగురు, రాత్రికి ముగ్గురు. మూడో తప్పుతో ఇద్దరికి ఇద్దరు, మాఫియా గెలిచింది. అంటే ఊరికి రెండు తప్పులు చేసే వెసులుబాటు ఉంది. పదో మనిషిని చేర్చి చూడండి, అప్పుడు కూడా మూడో తప్పుతోనే ఊరు పోతుంది, కాకపోతే ఆ రాత్రి గడిచాక. ఏడుగురితో, ఎనిమిది మందితో ఆడితే ఒక్క తప్పుకే చోటు. కాబట్టి పదిమంది పేర్లు ఇచ్చారని సంబరపడి అలాగే దించేయకండి. పదో మనిషిని తొమ్మిది మందికి ప్రత్యామ్నాయంగా ఉంచుకుంటే ఎక్కువ ఉపయోగం.

జనం పెరిగినప్పుడు మాఫియాను అదే నిష్పత్తిలో పెంచడం ఇంకో పొరపాటు. పోలీసు లేని మామూలు ఆటను మార్క్ బ్రావర్‌మన్, ఒమిద్ ఎతెసామి, ఎల్చనన్ మోసెల్ గణితంతో పరిశీలించి 2008లో ప్రచురించారు. అలాంటి ఆటలో మాఫియా సంఖ్య మొత్తం జనం వర్గమూలం స్థాయిలో ఉన్నా రెండు పక్షాలకూ గెలుపు అవకాశం ఉంటుందని వాళ్లు తేల్చారు. నిజం తెలిసిన కొద్దిమందికి ఎంత బలముందో దాన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. పోలీసు లేకుండా పద్దెనిమిది మందితో ఆడుతూ నలుగురు మాఫియాను దించితే, ఊరు కోలుకోవడం కష్టం.

పాత్రలు పంచేటప్పుడు

హోస్ట్ మనసులో అనుకుని పాత్రలు ఇవ్వకూడదు. ఎంత నిజాయితీపరుడైనా సరే. ‘ఈసారి వీడికి మాఫియా ఇస్తే సరదాగా ఉంటుంది’ అన్న ఆలోచన ఒక్కసారి వచ్చిందంటే, ఆటగాళ్లు ఓట్లు వేయడం మానేసి మీ మనసు చదవడం మొదలుపెడతారు.

చీటీలు వేయండి, లేదా స్ప్రెడ్‌షీట్‌లో పేర్ల పక్క గడుల్లో యాదృచ్ఛికంగా అంకెలిచ్చే ర్యాండ్ (RAND) సూత్రం వేసి ఆ అంకెల వరుసలో అమర్చండి. షీటు కదిలినప్పుడల్లా ఆ అంకెలు మారిపోతాయి, కనుక ముందే వాటిని విలువలుగా అతికించి, అప్పుడు అమర్చాలి. ఆ జాబితాను ఆడని మనిషి ఒకరికి పంపి ఉంచండి. సహాయ హోస్ట్ అంటే ఆ మనిషే. రాత్రి మీ ఇంట్లో కరెంటు పోయినా, ఫోను పాడైనా ఆట ఆగదు. ఆట అయ్యాక ఆ జాబితాను, మాఫియా గది మాటలను అందరికీ తెరిచి పెట్టండి.

పాత్ర సందేశాలు అందరికీ ఒకే పొడవులో, వరుసగా ఒకేసారి పంపండి. మామూలు పౌరుడికి ఒక్క ముక్క రాసి, పోలీసుకు పది వాక్యాలు రాస్తే, ఎవరు ఎంతసేపు ఆన్‌లైన్‌లో చదువుతూ కూర్చున్నారో పక్కవాళ్లు గమనిస్తారు.

గడువు మన జనానికి సరిపోవాలి

పగలు 48 గంటలు, రాత్రి 24 గంటలు. ఉద్యోగాలు, చదువులు ఉన్నవాళ్లకు ఇదే కుదురుతుంది. గడువు రాత్రి 9 గంటలకు పెట్టండి. అర్ధరాత్రి గడువు పెడితే ఆఖరి అరగంటలో మేలుకుని ఉన్న నలుగురే ఆటను తేలుస్తారు.

కడప ప్రాంతం గ్రూపైతే కువైట్‌లో ఉన్నవాళ్లు తప్పకుండా ఉంటారు. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనుక. మన 9 వాళ్లకు సాయంత్రం 6:30, పని ముగిసి గదికి చేరే వేళ. ఇంకాస్త ఆలస్యం కావాలని వాళ్లు అడిగితే 10 చేయండి, అంతకు మించి వద్దు. వాళ్లకు వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు, మనకు ఆదివారం. గొంతుతో ఆడే చిన్న ఆటలు శుక్రవారం రాత్రి ఒకటి, ఆదివారం ఒకటి పెడితే ఎవరూ దూరమైపోరు. ప్రతి ప్రకటనలోనూ రెండు సమయాలూ రాయండి. దూరదేశంలో ఉన్న మనిషికి తన సమయం రాసి కనిపిస్తే, ఈ గ్రూపు తనది కూడా అనిపిస్తుంది.

సంవత్సరం మొత్తానికి ఒక క్యాలెండర్ వేసుకోండి. ఫిబ్రవరి చివర నుంచి మార్చి దాకా ఇంటర్ పరీక్షలు. రంజాన్ నెల ఏటా పదకొండు రోజుల మేర ముందుగా వస్తుంది. ఆ నెలలో ఇఫ్తార్ వేళలో గడువు పెట్టకూడదు, తరావీ నమాజు అయ్యాక పెట్టాలి. కర్నూలు, కడప గ్రూపుల్లో ఇది పట్టించుకోకపోతే సగం బలం పోతుంది. అనంతపురం వైపు అక్టోబరు, నవంబరుల్లో వేరుశనగ పీకే పని ఉంటే బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లలు కూడా వారాంతంలో పొలానికి వెళతారు. ఇలాంటి రోజుల్లో పెద్ద ఆట మొదలుపెట్టి, సగంలో ఈడ్చడం కన్నా, ఏడుగురితో రెండు రోజుల్లో ముగిసే చిన్న ఆటలు నయం.

ఓట్ల లెక్క

గ్రూపు ఆరోగ్యం చూడాలంటే నేను ముందు ఓట్ల లెక్క చూస్తాను. పోల్ పెట్టకండి. పోల్‌లో చివరి ఫలితమే కళ్లకు కనిపిస్తుంది. ఎవరు ముందు వేశారు, ఎవరు ఎవరి వెనకాల వేశారు, ఎవరు ఎప్పుడు వెనక్కి తీసుకున్నారు అన్నది పోతుంది. మాఫియాను పట్టించేది సరిగ్గా ఆ వరుసే. ఉదాహరణకు ఉగ్గాని అన్న మారుపేరున్న ఆటగాడి మీద అయితే ‘ఓటు: ఉగ్గాని’ అని వేరే వరుసలో రాయాలి, మార్చుకోవాలంటే ముందు ‘ఓటు వెనక్కి’ అని రాయాలి.

రోజుకు రెండుసార్లు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, హోస్ట్ లెక్క పెట్టాలి. ఇలా:

*రెండో పగలు. ఉన్నవాళ్లు 7, మెజారిటీ 4.*
*ఉగ్గాని: 3 ఓట్లు. పెన్న, చిత్రావతి, గడియారం.*
*హంద్రీ: 2 ఓట్లు. ఉగ్గాని, మర్రిమాను.*
*ఇంకా ఓటు వేయనివారు: హంద్రీ, బురుజు.*
*గడువు: గురువారం రాత్రి 9, కువైట్‌లో 6:30.*

ఇందులో హోస్ట్ అభిప్రాయం ఒక్క అక్షరం కూడా లేదు, గమనించండి. ‘ఉగ్గానికి ముప్పు ముంచుకొస్తోంది’ లాంటి మాట సరదాకైనా రాయవద్దు. నవ్వు బొమ్మ కూడా వద్దు. అన్నీ తెలిసిన మనిషి మీరొక్కరే, మీ ఎమోజీని కూడా వాళ్లు సాక్ష్యంగా తీసుకుంటారు. పేర్లు ఓటు పడిన వరుసలోనే ఉండాలి. లెక్కలో తప్పు దొరికితే పాతదాన్ని దిద్దకుండా కొత్తది పెట్టి, ఏది మారిందో ఒక వాక్యంలో చెప్పండి.

మాయమయ్యేవాళ్లు

పేరిచ్చి మాట్లాడనివాళ్ల వల్ల పోయిన ఆటలు, తగాదాల వల్ల పోయినవాటికన్నా ఎక్కువ. మౌనంగా ఉన్నవాడు మాఫియానా, తీరికలేనివాడా అన్నది ఎవరికీ తేలదు, దాంతో చర్చే ఆగిపోతుంది.

24 గంటలు సందేశం లేకపోతే హోస్ట్ విడిగా పలకరించాలి. 36 గంటలు దాటితే ప్రత్యామ్నాయంగా ఉన్న మనిషిని అదే పాత్రలో దించాలి. ఆట నుంచి తీసేయడం వద్దు. తీసేస్తే అతడి పక్షానికి ఒక మనిషి తగ్గి, ఏ తప్పూ చేయని మిగతావాళ్లు నష్టపోతారు. ప్రతి ఆటకూ కనీసం ఇద్దరు ప్రత్యామ్నాయాలను ముందే పేరు రాయించి ఉంచండి, వాళ్లు ఆట గది మాత్రమే చదవాలి.

వెళ్లిపోయిన మనిషిని నలుగురిలో నిలదీయకండి. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేకపోవచ్చు. వరుసగా రెండు ఆటల్లో చెప్పకుండా మాయమైతే, తరువాతి ఆట ప్రత్యామ్నాయంగానే ఆడాలని నియమం పెడితే సరిపోతుంది. ముందుగా చెప్పి సెలవు తీసుకున్నవాళ్లకు ఏ శిక్షా ఉండకూడదు.

కొత్తవాళ్లు, ముందే బయటికి వెళ్లినవాళ్లు

చాలామంది గ్రూపు వదిలేసేది మొదటి ఆటలోనే, అది కూడా మొదటి రాత్రే ఔట్ అయినప్పుడు. వారం రోజులు ఎదురుచూసి, ఒక్క ముక్క మాట్లాడకుండా బయటికి వెళ్లిన మనిషి రెండోసారి పేరు ఇవ్వడు. అందుకే ఆటను పగటితో మొదలుపెట్టమన్నాను. ఎవరు వెళ్లినా ఒక పగలంతా మాట్లాడి వెళతారు.

బయటికి వెళ్లినవాళ్ల గదిని మంచి గదిగా చేయండి. అక్కడ పాత్రల జాబితా కనిపిస్తుంది, మాఫియా మాటలు హోస్ట్ తెచ్చి పెడుతుంటాడు. కిటికీలోంచి వీధి తగాదా చూస్తున్నట్టు అందరూ ఆట చూస్తుంటారు. ఒకటే షరతు, అక్కడి మాట బయటికి పొక్కకూడదు. పొక్కితే క్షమాపణతో సరిపెట్టవద్దు, ఆ ఆటను అక్కడికక్కడే రద్దు చేయాలి.

కొత్తవాళ్లకు తోడుగా ఆడని పాతవారిని ఒకరిని పెట్టండి. ‘మెజారిటీ అంటే ఏమిటి, రాత్రి ఎవరికి రాయాలి’ లాంటివి అడగడానికి నలుగురిలో మొహమాటం ఉంటుంది. ఆ తోడు నియమాలు చెప్పాలే తప్ప, ఎవరిని అనుమానించాలో చెప్పకూడదు.

ఒక్కరే వంద సందేశాలు కురిపిస్తుంటే, టెలిగ్రామ్‌లో నిదాన పద్ధతి (స్లో మోడ్) పెట్టండి. ఒక సందేశానికి, ఇంకో సందేశానికి మధ్య కొన్ని సెకన్ల నుంచి గంట దాకా విరామం పెట్టవచ్చు. ముప్పై సెకన్లు చాలు. నిదానంగా టైపు చేసేవాళ్లకు కూడా చర్చలో చోటు దొరుకుతుంది.

కథ ఎలా ఉండాలి

ప్రతి పొద్దునా హోస్ట్ రాసే నాలుగు వాక్యాల కథ కోసమే గ్రూపు తెరిచేవాళ్లు ఉంటారు. దానికి ఇటలీ మాఫియా అక్కరలేదు. గండికోటలో, పెన్న లోయ అంచున, చొరబడిన ఇద్దరు గూఢచారులు. బెళుం గుహల్లో దారి తప్పిన యాత్రికులు. ఇంకోటి నాకెంతో ఇష్టం: తొలకరి వాన పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాల కోసం జనం వంగి వెతుకుతారు కదా, అలా వెళ్లిన తొమ్మిది మందిలో ఒకరికి రాయి దొరికింది, ఇద్దరి కన్ను దాని మీద పడింది. ఈ కథ పెట్టగానే అందరూ పాత్రల్లోకి వెళ్లిపోతారు.

ఒక్క కథ మాత్రం వద్దు, ఫ్యాక్షన్ కథ. సీమ అనగానే బాంబులు, కొడవళ్లు, సుమోలు రాయాలని హోస్టులకు చేతులు ఊరుతాయి. గ్రూపులో ఎవరింట్లో ఎవరు పోయారో మీకు తెలియదు. ఆ పేరుతో మన ఊళ్లలో నిజంగా ఇళ్లు కూలాయి, నిజంగా పిల్లలు తండ్రులు లేకుండా పెరిగారు. అది ఆటవస్తువు కాదు. అలాగే నిజమైన ఇంటిపేర్లు, కులాలు, పార్టీలు, నాయకులు కథలోకి రాకూడదు, చర్చలోకి కూడా రాకూడదు.

మాట తూలినప్పుడు, హద్దు దాటినప్పుడు

వాదనను ఎంతైనా చీల్చవచ్చు, మనిషిని కాదు. ‘నీ లెక్క తప్పు, నిన్న ఒకటి చెప్పి ఇవాళ ఇంకోటి చెబుతున్నావు’ అనవచ్చు. ‘నీ చదువుకు ఇంతకన్నా ఏం తెలుస్తుంది’ అనకూడదు. హద్దు దాటితే నలుగురిలో తిట్టకుండా, విడిగా, గంటలోపే రాయండి:

‘అన్నా, ఇందాక చిత్రావతికి మీరు రాసిన మాట ఆట గురించి కాదు, ఆమె చదువు గురించి. దాన్ని తీసేశాను, మీ ఓటు మాత్రం లెక్కలో ఉంచాను. ఆమె మీద అనుమానం ఉంటే కారణాలు రాయండి, అందరూ వింటారు. ఇంకోసారి ఇలాంటి మాట వస్తే మీ బదులు వేరొకరిని దించుతాను.’

మర్యాద తగ్గలేదు, తప్పు ఏదో స్పష్టంగా ఉంది, తరువాత ఏం జరుగుతుందో ఉంది. ఇంతకన్నా పెద్ద ఉపన్యాసం పనిచేయదు.

అమ్మాయిలకు విడిగా వచ్చే సందేశాల విషయంలో హెచ్చరికలు, రెండో అవకాశాలు వద్దు. ఆట నెపంతో నంబరు అడిగినా, ఫొటో అడిగినా, వద్దన్నాక మళ్లీ రాసినా గ్రూపు నుంచి అదే రోజు తీసేయండి, ఎంత మంచి ఆటగాడైనా సరే. ఆ ఫిర్యాదు వినడానికి అడ్మిన్లలో కనీసం ఒక మహిళ ఉండాలి. బెదిరింపుల దాకా వెళితే స్క్రీన్‌షాట్లు తుడవకుండా దాచమని చెప్పి, కేంద్రం నడిపే సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయడానికి తోడుండండి. డబ్బు మోసమైతే 1930కు ఫోన్ చేయాలి.

డబ్బు అంటే గుర్తొచ్చింది. ప్రవేశ రుసుము పెట్టి గెలిచినవారికి పంచుదామని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఒప్పుకోవద్దు. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు కట్టి డబ్బు గెలిచే ఆశతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా నిషేధించింది. చట్టం లేకపోయినా వద్దనే అంటాను. వంద రూపాయలు మధ్యలోకి వచ్చాక అబద్ధం ఆటలో ఆగదు.

ఆటకు, ఆటకు మధ్య

ఒక ఆట ముగిశాక రెండు వారాలు నిశ్శబ్దంగా ఉంటే, మూడో వారం మళ్లీ మొదటి నుంచి జనాన్ని పోగుచేయాలి. నడుస్తున్న ఆటలో ఐదుగురు మిగలగానే తరువాతి ఆటకు పేర్లు తీసుకోవడం మొదలుపెట్టండి. బయటికి వెళ్లినవాళ్లు అప్పటికే ఆత్రంగా ఉంటారు, మొదట వాళ్లే పేర్లు ఇస్తారు.

ముగిసిన రోజు రాత్రి అందరినీ కూర్చోబెట్టి మాట్లాడించండి. గెలిచిన మాఫియా ముందుగా తాము ఎక్కడ దొరికిపోతామని భయపడ్డారో చెప్పాలి. తరువాత ఊరివాళ్లు. ‘నన్ను ఎందుకు నమ్మలేదు’ అన్న బాధ ఎవరికైనా ఉంటే అక్కడే బయటికి రావాలి, లోపల ఉండిపోతే తరువాతి ఆటలో పగగా తిరిగొస్తుంది. ఆట వివరాలు, పాత్రలు, ఫలితం ఒక షీటులో దాచండి. ఎవరు ఎన్నిసార్లు గెలిచారన్న పట్టిక మాత్రం పెట్టవద్దన్నది నా అభిప్రాయం. పట్టిక పెడితే జనం గెలిచే మనిషిని మొదటి రోజే పంపేస్తారు, ఓడినవాళ్లు రావడం మానేస్తారు.

అన్ని ఆటలకూ ఒకరే హోస్ట్ అయితే ఆ మనిషి ఆరు నెలల్లో అలసిపోతాడు, అతడితోపాటే గ్రూపు కూడా. ప్రతి ఆటకూ సహాయ హోస్టును మార్చండి. ఒకసారి సహాయంగా ఉన్నవారు తరువాత ఒక చిన్న ఆట నడపాలి, మీరు వాళ్లకు సహాయంగా కూర్చోవాలి. వాళ్ల ఓట్ల లెక్క మీకన్నా నిదానంగా వచ్చినా తొందరపడి మీరు పెట్టేయకండి. మీరు ఆటగాడిగా దిగినప్పుడు అడ్మిన్ హక్కులు వదిలి దిగండి, లేకపోతే ఇటీవలి చర్యల జాబితా మీకు కనిపిస్తూనే ఉంటుంది.

గ్రూపు యజమాని ఖాతా ఒక్కరి ఫోనులోనే ఉంటుందని మరవకండి. ఆ మనిషి ఉద్యోగానికి ఊరు మారినా, ఫోను పోగొట్టుకున్నా ఇబ్బందే. ఇప్పుడే ఇద్దరికి పూర్తి అడ్మిన్ హక్కులు ఇవ్వండి. టెలిగ్రామ్‌లో యాజమాన్యం ఇంకొకరికి బదలాయించాలంటే రెండంచెల ధ్రువీకరణ పెట్టి కనీసం ఏడు రోజులు కావాలి. అవసరం వచ్చిన రోజున పెడితే వారం ఆగాలి. కనుక యజమానిగా ఉన్నవారు ఆ ధ్రువీకరణను ఈరోజే పెట్టుకుని, ఆ పాస్‌వర్డును కాగితం మీద రాసి ఇంట్లో భద్రంగా దాచుకోవాలి.